గంగబొండం నీళ్లు

మా ఆయన దింపు మనిషి. కొబ్బరిచెట్లెక్కి కాయ దింపడం ఆయన పని. మలికిపురం చుట్టుపక్కల ఆయన ఎక్కని తోట లేదని మా అత్తగారు బతికున్నన్నాళ్లూ చెప్పుకునేవారు. దింపు మనిషికి మావైపు ఒక హక్కుంది. ఎవరి తోటైనా సరే, చెట్టు దిగేక రైతుని అడక్కుండా ఒక బొండాం కొట్టుకుని తాగొచ్చు. రైతు ఏమీ అనడు. అంటే మరోసారి ఆ తోటలోకి దింపు మనిషి రాడు. అలా బతికిన మనిషిని అమలాపురంలో ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టి, డయాలిసిస్ గదిలో పనిచేసే నర్సమ్మాయి, "ఇకనించి కొబ్బరినీళ్లు ముట్టుకోకూడదండీ" అని చెప్పింది.

ఆయన నవ్వేరు. హాస్యానికి అంటోందనుకున్నారు.

"నిజమేనండీ. మీ కిడ్నీలు పనిచేయట్లేదు కదండీ. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. అది ఒంట్లోంచి బయటికి పోవాలంటే ఈ మిషను మీద పడుకోవాల్సిందే. ఒంట్లో పేరుకుపోతే గుండె ఆగిపోద్దండీ. మిషను తప్పినప్పుడు మరీను."

మామూలు నీళ్లకి కూడా కొలత పెట్టింది. రోజు మొత్తానికి ఇంత గ్లాసు, అంతే. ఆయన అన్నిటికీ ఆయ్, ఆయ్ అని తలూపేరు. బయటికొచ్చేక నా చెయ్యి పట్టుకుని, "ఈ కొబ్బరినీళ్ల సంగతి మనూళ్లో ఎవరికీ చెప్పకు. అక్కకి అసలు చెప్పకు" అన్నారు.

ఎందుకో నాకు తెలుసు. మావైపు జ్వరమొచ్చినా, విరేచనాలైనా, ఎండదెబ్బ తగిలినా మొదట పట్టేది కొబ్బరినీళ్లే. కొబ్బరినీళ్లు కూడా పనికిరావన్నారంటే ఇంక ఆ మనిషి చివరికొచ్చేశాడని లెక్క. పలకరింపుకి వచ్చినవాళ్లు మంచం దగ్గర మామూలుగానే మాట్లాడి వీధిలోకెళ్లి కళ్లు తుడుచుకుంటారు. దింపు మనిషికి ఆ మాట రావడం ఆయనకి చావుకంటే సిగ్గు. "మీ పరువు తగలడా" అని నేను తిట్టేను గాని, చెప్పలేదు. ఆయన అక్కగారికి అసలు చెప్పలేదు. అంతర్వేదిలో గుడి దగ్గర కొబ్బరికాయలమ్ముకునే మా వదినగారు ఆయనకి తల్లి తర్వాత తల్లి. వీళ్లమ్మ పొలం పనులకి పోతే ఈవిడే ఆయన్ని చంకనేసుకుని పెంచేరు.

వారానికి మూడుసార్లు మిషను. ఊరినుంచి బస్సులో తిరగడం కుదిరే పనికాదని, ఆసుపత్రి వెనక సందులో గది అద్దెకి తీసుకున్నాం. ఆయన చెట్టెక్కడం ఎలాగూ అయిపోయింది. నేను ఆసుపత్రి గేటు ఎదురుగా టిఫిను బండి పెట్టేను. ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా. మిషను ఖర్చు అంతా ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్యకార్డు మీద పోయేది. మేం పైసా ఇవ్వలేదు. ఆ మాట చెప్పుకోడానికి నాకేం నామోషీ లేదు.

కార్డు లేని రోజులు నాకు తెలుసు మరి. మా మావగారికి గుండెజబ్బు చేసినప్పుడు ఇంటికి ఆధారంగా ఉన్న నాలుగు కుంచాల, అరెకరం కూడా రాని కొబ్బరితోట అమ్మి వైద్యం చేయించేరు. ఆయనా దక్కలేదు, తోటా దక్కలేదు. సొంత తోటలో కాయ కోసుకోవలసిన కుర్రాడు ఆ ఏడాదినుంచే పరాయి తోటల్లో చెట్లెక్కడం మొదలెట్టేడు. ఆ కుర్రాడే మా ఆయన. మా ఇంటి వెనక మిగిలింది ఒక్క గంగబొండం చెట్టు, నీళ్లకి పేరుపడ్డ కొబ్బరి రకం. వదినగారి పెళ్లప్పుడు మా ఆయన పాతిన మొక్క.

కార్డు వచ్చేక మా వీధి ఎలా బతికిందో నా పొయ్యి దగ్గర నుంచుంటే కనిపించేది. మావైపు మనిషికి బాగోలేదంటే ఊరు ఊరంతా పలకరింపుకి కదులుతుంది. పొద్దుటి బస్సుకి దిగుతారు, నా దగ్గర పెసరట్టు తింటారు, పక్క కొట్లో బ్రెడ్డూ హార్లిక్సూ కొంటారు, ఆటో ఎక్కుతారు. మందుల కొట్లు, ఆటోలు, ఆసుపత్రి దుప్పట్లుతికే ఆడవాళ్లు, గదులు అద్దెకిచ్చే రిటైరు మాస్టారు, అందరి పొయ్యిలూ ఆ కార్డు మీదే వెలిగేవి. వచ్చినవాళ్లు బొండాలు తేకుండా రారు. మా ఆయన కోసం తెచ్చినవన్నీ, "తర్వాత తాగుతారండీ" అని పుచ్చుకుని బండికింద పెట్టేదాన్ని. వాళ్లు వెళ్లేక పురుళ్ల వార్డు దగ్గర కూర్చున్నవాళ్లకి పంచేసేదాన్ని. ఆయన అటు చూసేవారు కాదు.

అలా గడిచిపోతుందనుకున్నాం. ఒకరోజు పొద్దున్న పొయ్యి వెలిగించి తలెత్తేసరికి గేటుకి కాగితం అంటించి ఉంది. కార్డు మీద వైద్యం నిలిపివేశామని. చదివినప్పుడు నాకు సరిగ్గా బుర్రకెక్కలేదు. మేనేజరుగారు రోజూ నా బండి దగ్గరే టిఫిను చేసే మనిషి. ఆయన రాగానే అడిగేను.

"ప్రభుత్వం నుంచి మాకు రావలసిన బిల్లులు రాలేదమ్మా. పైగా పద్ధతి మారుస్తున్నారు. ఇకనించి బీమా కంపెనీ ద్వారా నడిపిస్తారట. పాత బకాయి ఎవరిస్తారో తేలేదాకా ఆసుపత్రులవాళ్లందరూ కలిసి ఆపేశారు. మా చేతుల్లో ఏముంది చెప్పు."

"మరి రేపు మా ఆయనకి మిషనండీ?"

"డబ్బు కడితే ఎప్పుడైనా ఎక్కిస్తామమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. "తమరి జీతం ఆలస్యమైన నెల్లో నేను పెసరట్టు ఆపేనా అండీ?" అన్నాను. ఆయన ప్లేటు కింద పెట్టేసి చెయ్యి కడుక్కున్నారు. సగం అట్టు అలాగే ఉంది. చెడ్డమనిషి కాదాయన. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. తెలిసే అన్నాను.

వారం తిరిగేసరికి వీధి ఎండిపోయింది. కార్డు పేషెంట్లు లేకపోతే పలకరింపులూ లేవు. రుబ్బిన పిండి పులిసిపోయి కాలవలో పోసేను. ఆటోవాళ్లు స్టాండులో పేకాడుకుంటూ కూర్చున్నారు. దుప్పట్లుతికే ఆడవాళ్లని పనిలోకి రావద్దన్నారు. డయాలిసిస్ గదికి తాళం పడింది. డబ్బు కట్టే పేషెంటు ఒకరో ఇద్దరో ఉంటే ఆ పొద్దుటికి మాత్రం నర్సమ్మాయిని ఫోను చేసి పిలిపించేవారు. ఆ అమ్మాయి ఊరు కొత్తపేట దాటి ఇంకా లోపలికి.

మందుల కొట్లో టీవీ పెట్టుకుని చూసేవాళ్లం, ఏదైనా కబురు వస్తుందేమోనని. ఒకరోజు అందులో కూర్చున్న పెద్దమనిషొకాయన, ఈ ఉచిత వైద్యం వల్ల రాష్ట్రం దివాలా తీస్తోందని చెబుతున్నాడు. టై కట్టుకుని ఉన్నాడు. ఉచితమట. ఆ డబ్బు ఆసుపత్రిలోంచి వీధిలోకి వచ్చి ఎన్ని ఇళ్లల్లో అన్నంగా మారిందో ఆయన్ని ఒక్కరోజు నా బండి దగ్గర నిలబెడితే తెలిసేది. మా మావగారి తోట పోయిందే, అప్పుడు ఎవరి ఖజానా నిండింది? అవన్నీ ఆయనకి చెప్పాలనుకున్నాను. టీవీకి చెప్పి ఏం లాభం. మందుల కొట్టాయన చానలు మార్చేడు.

చెవులవి తీసి అమ్మి ఒక మిషనుకి డబ్బు కట్టేను. మిక్సీ గ్రైండరు అమ్మి ఇంకొకటి. వారానికి మూడు కావాల్సింది ఒకటికి దిగింది. ప్రభుత్వాసుపత్రిలోనూ మిషన్లున్నాయి గాని కార్డు ఆగేక జిల్లా మొత్తం అక్కడికే పరిగెత్తింది. పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు, ఒక మిషను మీద ఇద్దరిని పడుకోబెట్టలేరు కదా. ఒక్కసారి దొరికింది. మళ్లీ వంతు వచ్చేదాకా ఆగమన్నారు.

ఆగడమంటే ఎలా ఉంటుందో చెబుతాను. ముందు కాళ్లు వాచేయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. తర్వాత మొహం. పడుకుంటే ఊపిరాడక గోడకి చేరబడి కూర్చునేవారు. అన్నిటికంటే దాహం. గ్లాసు కొలిచి ఇచ్చేది నేనే. అది మధ్యాహ్నానికే అయిపోయేది. తర్వాత పెదాలు తడుముకుంటూ నా వంక చూసేవారు. "కొంచెం గొంతు తడపవే" అనేవారు. తడి గుడ్డ పెదాలకి అద్దేదాన్ని. నీళ్లు దాచేసిన దొంగని చూసినట్టు చూసేవారు నన్ను. బిందె గది బయట పెట్టి, నేను కూడా ఆయన ఎదురుగా నీళ్లు తాగడం మానేసేను.

"ఇంక నన్నెవరూ ఆ మిషను ఎక్కించర్లే" అన్నారు ఒకరోజు. కోపంగా కాదు, దింపు అయిపోయింది ఇంటికి పోదాం అన్నట్టు అన్నారు.

ఆ మాట నాకు నచ్చలేదు. మర్నాడు పొద్దున్నే మేనేజరుగారి గదిలోకెళ్లి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. లేవమన్నారు. లేవనన్నాను. వాచ్‌మన్‌ని పిలిచేరు. ఆ వాచ్‌మన్ రోజూ నా దగ్గర ఇడ్లీ తినేవాడు, గుమ్మంలో నుంచుని నేల చూస్తున్నాడు గాని లోపలికి రాలేదు.

"మీరు చెప్పిన బకాయిలు నాకు తెలీవండీ. బీమా నాకు తెలీదు. మా ఆయన కూర్చుని ఊపిరి పీలుస్తున్నారు. అది నాకు తెలుసు" అన్నాను. గట్టిగా అనలేదు. అరిచే ఓపిక లేదు.

మేనేజరుగారు పెద్ద డాక్టరుగారి గదిలోకెళ్లి చాలాసేపు ఉన్నారు. వచ్చి తలుపు దగ్గరగా వేసి చెప్పేరు. "రేపు పొద్దున్న ఒక పేషెంటు కోసం నర్సమ్మాయి వస్తోంది. ఆ తర్వాత మీ ఆయన్ని ఎక్కిస్తాం. కార్డూ వద్దు, డబ్బూ వద్దు. ఎవరికీ చెప్పకమ్మా, రేపు అందరూ వచ్చి కూర్చుంటారు."

ఆయన కాళ్లకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగేరు. నేను సందులోకి పరిగెత్తేను. ఆ వయసులో పరిగెత్తడం చూసి ఆటోవాళ్లు ఏమైందండీ అని అడుగుతున్నారు. మంచికేనండీ అని చెప్పేను.

గది తలుపు తీసి ఉంది. మా వదినగారు వచ్చి ఉన్నారు. తమ్ముడికి మరీ బాగోలేదని ఎవరో చెబితే మా ఊరి మీదుగా వచ్చేరట. మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని విసనకర్రతో విసురుతున్నారు. ఆయన మొహంలో ఎన్నాళ్లకో కళ కనిపించింది. గోడవారగా కత్తి, కత్తి పక్కన కొట్టిన బొండాలు రెండు. పచ్చగా, కోలగా. ఆ చెట్టు కాయలు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

"పాపం ఎంత దాహంతో ఉన్నాడో అమ్మడూ" అన్నారు వదినగారు. "నీళ్లు కూడా పట్టించట్లేదేంటే వీడికి? రెండూ గటగటా తాగేసేడు. మన గంగబొండాలే, ఆ పక్కింటాయన చేత దింపించుకొచ్చేను."

నేను ఆయన వంక చూసేను. ఆయనా నా వంకే చూస్తున్నారు. వద్దని ఆ నర్సమ్మాయి చెప్పింది ఆయనతోనే. మర్చిపోయే మనిషి కాదు.

"రేపు పొద్దున్న మిషనండీ" అన్నాను. "ఒప్పుకున్నారు. ఊరికేనే."

ఆయన ఒకసారి ఆ ఖాళీ బొండాం డొక్కల వైపు చూసేరు. "అలాగా" అన్నారు.

ఆటోలో ఎక్కించి గేటు దగ్గరికి తీసుకెళ్లేం. ఆ కాస్త దూరంలోనే చేతులు బరువెక్కుతున్నాయన్నారు, కాళ్లు తనవి కానట్టున్నాయన్నారు. వదినగారికి ఏమీ అర్థం కాక ఆయన అరికాళ్లు రుద్దుతున్నారు. ఆసుపత్రివాళ్లు ఈసారి కార్డు అడగలేదు, వెంటనే లోపలికి తీసుకెళ్లేరు. ఛాతీకి వైర్లు పెట్టేరు, ఇంజక్షన్లు చేసేరు. మిషను కావాలి. మిషను గదికి తాళం ఉంది. తాళం ఉంటే తీశారు గాని నడిపే మనిషి కొత్తపేట అవతల ఉంది. ఆ అమ్మాయి ఫోను ఎత్తింది, బయల్దేరుతున్నానంది. చిన్న డాక్టరుగారు బయటికొచ్చి అడిగేరు.

"ఏమైనా తిన్నారా? తాగేరా?"

నేను నోరు తెరిచేలోపు వదినగారు ముందుకొచ్చేరు. "వేరే ఏం పెట్టలేదండీ బాబూ. కొబ్బరినీళ్లే ఇచ్చేనండీ. నా చేత్తోనే పట్టేను."

డాక్టరుగారు ఆవిడ మొహం చూసేరు, తర్వాత నా మొహం చూసేరు. ఈవిడకి చెప్పొద్దన్నట్టు నేను తల అడ్డంగా ఊపేను, ఆవిడకి కనబడకుండా. ఆయన "సరేనమ్మా, కూర్చోండి" అని లోపలికెళ్లిపోయేరు.

నర్సమ్మాయి బండిమీద వచ్చేసరికి పొద్దు ఇంకా ఉంది. పరిగెత్తుకుంటూ మెట్లెక్కింది. మళ్లీ దిగి వచ్చినప్పుడు నడుస్తూ వచ్చింది. నా పక్కన కూర్చుని నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది, ప్రార్థన చేసింది. నాకు ఏడుపు రాలేదు. ఆ డొక్కలు గదిలో అలాగే ఉన్నాయి, వదినగారు చూడకముందే పారెయ్యాలి అని అదే ఆలోచన. చూస్తే ఏమవుతుందో, ఆవిడే కదా కొట్టింది. బుద్ధి పనిచేయలేదు.

పదోనాడు చెరువు గట్టున ఆయనకిష్టమైనవన్నీ పెట్టినప్పుడు వదినగారు బొండాం కూడా తెచ్చి పెట్టేరు. "ఆఖరికి నా చేతి నీళ్లు తాగి పోయేడమ్మడూ. అంత దాహంతో పంపకుండా దేవుడు నన్ను ఆ వేళకి పంపేడు" అన్నారు. ఆవిడ మాటమాటకీ అదే చెప్పుకుని అన్నం తినగలుగుతున్నారు. నేను ఆయ్ అన్నాను. ఒకసారి కాదు, ఆవిడ అన్నప్పుడల్లా అన్నాను. పళ్లు బిగించుకుని అన్నాను. ఆవిడ మీద కోపం లేదు. ఎవరి మీద ఉందో వాళ్లు నాకు కనిపించే దూరంలో లేరు.

కర్మలయ్యేక కొన్నాళ్లకి ప్రభుత్వం కొంత సొమ్ము విడుదల చేసిందని, కార్డు మళ్లీ మొదలైందని మేనేజరుగారు స్వయంగా సందులోకి వచ్చి చెప్పేరు. బండి పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. వేరే బతుకు తెలీదు. మొదటిరోజే బస్సులు దిగేయి, ఆటోలు కదిలేయి, దుప్పట్లు తీగల మీదకెక్కేయి. వీధికి ఏమీ జరగనట్టే ఉంది. అట్లు పోస్తున్నానన్న మాటే గాని, ఆ గేటులోకి కార్డు పట్టుకుని ఎవరు వెళ్తున్నా అటే చూస్తూ అట్టు మాడ్చేసేదాన్ని.

ఒకరోజు ఆటో వచ్చి ఆగింది. వదినగారు దిగేరు. వెనక గోనెసంచి నిండా బొండాలు. "మన చెట్టువే. వాడి పేరున రోగులకి పంచుదామని" అన్నారు. ఆటో అతనికొకటి, వాచ్‌మన్‌కొకటి ఇచ్చేరు. నేను పెనం మీద అట్టు తిప్పుతున్నాను. మళ్లీ తలెత్తేసరికి ఆవిడ గేటు దాటి, రేకుల షెడ్డు కింద బల్ల దగ్గరున్నారు. మిషను కోసం వంతు కూర్చునే బల్ల అది. మా ఆయన పక్క మంచం మీద పడుకునే పెద్దాయన, రాజోలు నుంచి వస్తారాయన, రెండు చేతులతో బొండాం పట్టుకుని ఉన్నారు. చనిపోయిన మనిషి పేరున ఇస్తే మావైపు ఎవరూ కాదనరు. నోటిదగ్గరికి తీసుకెళ్తున్నారు.

అట్లకాడ చేతిలో ఉండగానే పరిగెత్తి ఆ బొండాం లాక్కున్నాను. నీళ్లు ఆయన పంచె మీద ఒలికేయి.

"అదేం పనే" అన్నారు వదినగారు.

"వీళ్లకి వద్దు వదినా."

"కొబ్బరినీళ్లే కదమ్మడూ."

నేను ఏదో ఒకటి చెప్పి ఆవిడని అవతలికి తీసుకుపోదును. ఆ పెద్దాయన, పాపం, పంచె దులుపుకుంటూ, నా తరఫున మాట్లాడుతున్నాననుకున్నారు. "మంచిపని చేశారండీ ఆవిడ. మిషను మనుషులకి కొబ్బరినీళ్లు విషమండీ, గుండె ఆగిపోద్దండీ. మీరు తమ్ముడిగారి పేరున ఇచ్చేరని కాదనలేక, కాస్త పెదాలు తడిపి ఇచ్చేద్దామనుకున్నానండీ."

వదినగారు ఆయన్ని చూసేరు. సంచిని చూసేరు. తర్వాత నన్ను చూసేరు. ఆవిడ చేతిలో కత్తి ఉంది. మెల్లిగా తీసి బల్లమీద పెట్టేను.

"వాడికి తెలుసా?" అన్నారు.

ఇన్నాళ్లూ ఆయ్ అన్న నోటికి ఆ వేళ ఏ అబద్ధమూ దొరకలేదు.

"తెలుసండీ."

ఆవిడ సిమెంటు నేలమీద కూలబడిపోయేరు. నా చీర కుచ్చెళ్లు పట్టుకుని, "మరి తెలిసి ఎందుకు తాగేడే" అని అడిగేరు.

"మర్నాడు మిషనుందని ఆయనకి తెలీదు వదినా" అన్నాను.